బయాలజీ చదవాలంటే బయాలజీ ఒక్కటే చాలదు

ఓడలరేవులో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవలు ఒడ్డునే ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతటా ఈ 61 రోజులు వేట నిషేధం. మగవాళ్ళు ఇంటిపట్టున ఉండి వలలు బాగుచేసుకుంటారు. చేతిలో డబ్బు ఆడని రోజులు కూడా ఇవే. సరిగ్గా ఈ రోజుల్లోనే పదవ తరగతి ముగించిన బిడ్డను ఏ కాలేజీలో, ఏ గ్రూపులో చేర్చాలన్న ప్రశ్న వస్తుంది. ఫీజు గూర్చిన చింతలో గ్రూపు గూర్చిన ఆలోచన వెనుకబడిపోతుంది.

2016 వేసవిలో అలాంటి ఒక ఆదివారం, ఆరాధన ముగిసి బయటికి వస్తుండగా ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని నా దగ్గరకు వచ్చింది. నేను అనేక సంవత్సరాలు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాడిని. చదువుల విషయంలో మా సంఘంలోని వారు నన్ను అడుగుతుంటారు.

“మాస్టారండీ, మా పిల్ల నర్సవుతానంటందండి. బైపీసీ అయితే చాలా కష్టమంట కదండీ. ఇంటర్‌లోనే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఉందంట. అందులో చేర్పించమంటారా అండీ?”

“మంచి కోర్సేనమ్మా. త్వరగా చేతికి పని వస్తుంది. చేర్పించండి” అన్నాను.

నేను చెప్పినదానిలో అబద్ధం లేదు. కాని చెప్పవలసిన మాట ఒకటి చెప్పలేదు. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వలన ఆ అమ్మాయికి ఒక సంవత్సరం పోయింది. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం అదే.

లేని మెట్టు

ఆ అమ్మాయి చేరినది ఇంటర్ వొకేషనల్‌లో ఎం.ఎల్.టి. కోర్సు. రెండేళ్ళు శ్రద్ధగా చదివింది. రక్తపరీక్ష, మూత్రపరీక్ష చేయడం నేర్చుకుంది. మైక్రోస్కోపులో మలేరియా క్రిమిని గుర్తుపట్టగలిగేది. మంచి మార్కులతో 2018లో పాసై, సర్టిఫికెట్లన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని, తండ్రితో కలిసి బి.ఎస్సీ. నర్సింగ్‌లో చేరడానికి వెళ్ళింది. అక్కడివారు మార్కుల జాబితా అటూ ఇటూ తిప్పి చూసి, “ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఎక్కడున్నాయమ్మా? బ్రిడ్జి కోర్సు వ్రాశావా?” అని అడిగారట. ఆ పేరు ఆ తండ్రీకూతుళ్ళు అంతవరకు వినలేదు. సాయంత్రం అమలాపురం బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చారు. అమ్మాయి ఏడవలేదు. తండ్రే ఏడ్చాడు.

విషయం ఏమిటంటే, వొకేషనల్ ఇంటర్‌లో ఇంగ్లీషు, జనరల్ ఫౌండేషన్ కోర్సు, ఆపైన వృత్తికి సంబంధించిన పేపర్లు ఉంటాయి. వాటిలో శరీరశాస్త్రం ఉన్నా, రసాయనాల పని ఉన్నా, ఫిజిక్స్ అనీ కెమిస్ట్రీ అనీ బయాలజీ అనీ వేరువేరు సబ్జెక్టులుగా సర్టిఫికెట్ మీద ఉండవు. బి.ఎస్సీ. నర్సింగ్‌కు ఇంటర్‌లో ఆ మూడింటిలో కలిపి జనరల్ కేటగిరీ వారికి కనీసం నూటికి 45 మార్కులు ఉండాలి. ఇంగ్లీషు పాసై ఉండాలి. ఇది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన నిబంధన. కనుక పనిలో ఎంత నేర్పున్నా, కాగితం మీద సబ్జెక్టు లేకపోతే తలుపు తీయరు.

ఈ లోటు పూడ్చడానికే ఇంటర్మీడియట్ బోర్డు వొకేషనల్ విద్యార్థులకు బ్రిడ్జి కోర్సు పెట్టింది. వొకేషనల్ చదువుతూనే, పక్కన జీవశాస్త్రం, భౌతిక రసాయన శాస్త్రాల పేపర్లు అదనంగా వ్రాసుకోవచ్చు. నర్సింగ్ ప్రవేశాలలో బ్రిడ్జి కోర్సు పాసైన వొకేషనల్ విద్యార్థులను కూడా అర్హులుగా తీసుకుంటారు. చేరిన రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఆమె రెండేళ్ళలోనే రెండూ పూర్తిచేసి ఉండేది. చెప్పవలసినవారిలో నేను మొదటివాడిని.

ఆ సంవత్సరమంతా ఆమె ఒక చిన్న ల్యాబులో పనిచేస్తూ, సాయంత్రాలు మా అరుగు మీద కూర్చొని ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివింది. నేను అపరాధిని కనుక ఫీజు అడిగే ముఖం నాకు లేదు. 2019లో బ్రిడ్జి కోర్సు పాసై, ఆ ఏడే నర్సింగ్‌లో చేరింది. నాలుగేళ్ళూ పూర్తిచేసి ఇప్పుడు కాకినాడలో ఉద్యోగం చేస్తోంది. కథ సుఖాంతమే. కాని వేటకు వెళ్ళే ఇంట్లో ఒక సంవత్సరం అంటే ఎంతో, పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇంత పట్టుదల ఎందుకు?

“నర్సుకు ఫిజిక్స్ ఎందుకండీ? సూది వేయడానికి కెమిస్ట్రీ ఎందుకండీ?” అని ఆ తండ్రి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అరుగు మీద ఆ అమ్మాయికి చెప్పిన జవాబే ఇక్కడా చెబుతాను.

డాక్టరుగారు 500 మిల్లీలీటర్ల సెలైన్‌ను నాలుగు గంటల్లో ఎక్కించమన్నారనుకోండి. గొట్టంలో మిల్లీలీటరుకు 20 చుక్కలు పడతాయి. మొత్తం 10,000 చుక్కలు. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. నిమిషానికి 42 చుక్కలు పడేటట్లు నర్సు సరిచేయాలి. పసిబిడ్డకైతే ఈ లెక్క తప్పకూడదు. సీసాను మంచం కంటే ఎత్తుగా ఎందుకు వేలాడదీస్తారో చెప్పేది ఫిజిక్స్. సెలైన్‌లో ఉప్పు లీటరుకు 9 గ్రాములే ఎందుకుండాలో, వట్టి నీళ్ళు రక్తంలోకి ఎక్కిస్తే రక్తకణాలు ఎందుకు ఉబ్బి పగులుతాయో చెప్పేది కెమిస్ట్రీ. మన ఆడవాళ్ళు చేపకు ఉప్పు పట్టించి ఎండబెట్టినప్పుడు నీరు బయటికి ఊరుతుందే, ఆ సూత్రమే ఇక్కడ తిరగబడి పనిచేస్తుంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ రొయ్యల చెరువు. మన కోనసీమలో చెరువు గట్టు మీద నిలబడితే కెమిస్ట్రీ పుస్తకం తెరిచినట్లే. చెరువులో పచ్చటి నాచు పగలంతా ఎండలో బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే నాచు రొయ్యలతోపాటు తానూ ఆక్సిజన్ పీలుస్తుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. రైతులు ఆ వేళ ఏరియేటర్లు ఆడిస్తూ కాపలా ఉండేది అందుకే. మధ్యాహ్నం మరో ప్రమాదం. బొగ్గుపులుసు వాయువు తగ్గేసరికి నీటి పి.హెచ్. పైకి పోతుంది. మేత, విసర్జనల వలన నీటిలో చేరిన అమ్మోనియాలో కొంత భాగమే విషం. ఆ భాగం పి.హెచ్.ను బట్టి మారుతుంది. 28 డిగ్రీల మంచినీటిలో పి.హెచ్. 7 వద్ద అది నూటికి ఒక వంతు కూడా ఉండదు. 8 వద్ద ఆరేడు వంతులు. 9 వద్ద సుమారు నలభై వంతులు. చెరువులోని అమ్మోనియా మొత్తం అంతే, కాని ఉదయం బ్రతికిన రొయ్య మధ్యాహ్నానికి తట్టుకోలేకపోతుంది. పి.హెచ్. ఒక అంకె మారితే ఆమ్లగుణం పది రెట్లు మారుతుందన్నది లాగరిథమ్స్ పాఠంలోని సంగతి. బైపీసీ కనుక లెక్కలు అక్కరలేదనుకున్న పిల్లవాడు సరిగ్గా ఇక్కడే ఆగిపోతాడు.

రొయ్య జంతుశాస్త్రం. నాచు వృక్షశాస్త్రం. ఆ రెండింటి మధ్య జరిగేదంతా రసాయనశాస్త్రం. ఈ ముక్క పదహారేళ్ళ బిడ్డకు అర్థమైతే, “నాకు బయాలజీ ఇష్టం, కెమిస్ట్రీ అంటే పడదు” అన్న మాట మళ్ళీ నోట రాదు.

మన గోదావరి జిల్లాల బిడ్డే ఒకరు దీనికి గొప్ప సాక్ష్యం. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ మూడవసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసులో వైద్యం చదివితే ఎం.బి.బి.ఎస్. బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు. ఆ కాగితంతోనే ఆయన అమెరికా వెళ్ళి, హార్వర్డులో జీవరసాయనశాస్త్రం మొదటినుండి నేర్చుకొని, 1930లో డాక్టరేటు పొందారు. రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతిని 1925లోనే ఫిస్కేతో కలిసి ప్రకటించారు. తరువాత ఆయన నడిపించిన పరిశోధనలలోనే డైఇథైల్‌కార్బమజీన్ అనే మందు వచ్చింది. ఏదో తెలియని పేరనుకోకండి. బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు మన ఇళ్ళకు వచ్చి మ్రింగించిన డి.ఇ.సి. మాత్ర అదే.

పైనుండి కిందికి చూడండి

తల్లిదండ్రులు చేసే పొరపాటు ఎక్కడంటే, కింది నుండి పైకి చూస్తారు. “టెన్త్ అయింది, దగ్గరలో ఏ కాలేజీ ఉంది, ఏ గ్రూపులో సీటు ఉంది” అని. చూడవలసినది పైనుండి కిందికి. బిడ్డ చివరకు ఏ కోర్సు చేయాలనుకుంటున్నాడో ఆ కోర్సు నోటిఫికేషన్ ముందు సంపాదించి, అందులో అర్హతలు అని ఉన్న పేరా చదవాలి. ఇంజనీరింగు వైపు వెళ్ళే పిల్లలకు ఓడలరేవులోనే కాలేజీ ఉంది, అడిగితే చెప్పే అన్నలు వీధికొకరు ఉన్నారు. బయాలజీ వైపు దారులు ఎక్కువ, చెప్పేవారు తక్కువ.

ఎం.బి.బి.ఎస్.కు నీట్ పరీక్ష ఉందని అందరికీ తెలుసు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ వారికి నూటికి 50, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 ఉండాలన్నది చాలమందికి తెలియదు. నీట్ ర్యాంకు మీదనే ధ్యాసపెట్టి ఇంటర్ పరీక్షలను చిన్నచూపు చూడకూడదు. అగ్రికల్చర్, హార్టికల్చర్, ఫిషరీస్ డిగ్రీలకు కూడా ఇంటర్‌లో బైపీసీ సబ్జెక్టులు ఉండాలి, ఈ.ఏ.పి.సెట్ ర్యాంకు ఉండాలి. బి.ఫార్మసీకి బైపీసీ వారూ ఎం.పి.సి. వారూ ఇద్దరూ అర్హులే. అక్కడ నాకు నచ్చిన ఏర్పాటు ఒకటి ఉంది. మొదటి సెమిస్టరులోనే, బయాలజీ చదవనివారికి రెమెడియల్ బయాలజీ, లెక్కలు చదవనివారికి రెమెడియల్ మేథమెటిక్స్ అని పెట్టి, ఎవరికి లేని మెట్టును వారికి కట్టి ఇస్తారు. అన్ని కోర్సులూ ఇంత దయగా ఉండవు.

జి.ఎన్.ఎం. నర్సింగ్ మూడేళ్ళ కోర్సు. దానికి సైన్సు గ్రూపే ఉండాలన్న పట్టు లేదు. అది పాసై నర్సుగా రిజిస్టరైనవారు తరువాత రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ.లో చేరి డిగ్రీ పొందవచ్చు. టెన్త్ తరువాత రెండేళ్ళ అగ్రికల్చర్ డిప్లొమా చేసినవారికి అగ్రిసెట్ అనే పరీక్ష ద్వారా బి.ఎస్సీ. అగ్రికల్చర్‌కు దారి ఉంది, కాని సీట్లు కొద్దిగానే ఉంటాయి. డిప్లొమాలో చేరితే డిగ్రీ దానంతటదే వస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ఈ మధ్య మార్పులు కూడా వచ్చాయి. 2023 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ ఇచ్చిన ప్రకటన ప్రకారం, ఇంటర్ పాసైన తరువాత బయాలజీని అదనపు సబ్జెక్టుగా వ్రాసి పాసైనవారూ నీట్‌కు అర్హులే. 2025–26 విద్యా సంవత్సరం నుండి మన రాష్ట్ర ఇంటర్‌లో బోటనీ, జువాలజీలను కలిపి బయాలజీ అని ఒకే సబ్జెక్టు చేశారు. బైపీసీతోపాటు లెక్కలు కూడా చదివే ఎం.బైపీసీ వీలు కల్పించారు. చదవగలిగిన బిడ్డకు అది మంచిదే. బడాయికి మాత్రం వద్దు. డిగ్రీ కాలేజీలలో 2023–24 నుండి మూడు సబ్జెక్టుల పాత పద్ధతి పోయి ఒకే మేజర్ సబ్జెక్టు వచ్చింది. జువాలజీ మేజరుగా తీసుకొనే పిల్లలు మైనరు ఏదో ఒకటి అని వేసేయకుండా, తరువాత చేయదలచిన ఎం.ఎస్సీ. గాని బి.ఎడ్. గాని ఏ సబ్జెక్టు అడుగుతుందో చూసి ఎంచుకోవాలి. బయోకెమిస్ట్రీ వంటి కోర్సులలో కెమిస్ట్రీ తోడు లేనివాడు ఇబ్బందిపడతాడు.

అమెరికాలోనూ ఇదే చిక్కు

ఇదంతా మన దేశపు తంటా, పై దేశాలలో పిల్లలు ఇష్టం వచ్చింది చదువుతారు అనుకునేవారున్నారు. ఒక క్రిస్మస్ సెలవులకు కాలిఫోర్నియా నుండి వచ్చిన మా దూరపు బంధువుల కుటుంబంతో మాట్లాడితే ఆ భ్రమ పోయింది. వారి అమ్మాయి అక్కడ కమ్యూనిటీ కాలేజీలో చదువుతోంది. అవి ప్రభుత్వం నడిపే రెండేళ్ళ కాలేజీలు. యూనివర్సిటీకంటే ఫీజు చాల తక్కువ. అక్కడ రెండేళ్ళు చదివి, మూడవ ఏట యూనివర్సిటీకి మారవచ్చు. మధ్యతరగతివారు, క్రొత్తగా వలస వెళ్ళినవారు చాలమంది ఈ దారి పడతారు.

అయితే బయాలజీ డిగ్రీకి మారదలచినవారు ఆ రెండేళ్ళలో బయాలజీ చదివితే సరిపోదు. ప్రయోగశాలతో కూడిన జనరల్ బయాలజీ ఒక సంవత్సరం, జనరల్ కెమిస్ట్రీ ఒక సంవత్సరం, ఆపైన ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, కాలిక్యులస్ అనే లెక్కలు, ఇంగ్లీషు వ్యాసరచన – వీటిలో ఏవి అడుగుతారన్నది యూనివర్సిటీని బట్టి మారుతుంది. పైగా ఇవి గొలుసుకట్టు. లెక్కలలో తగిన స్థాయి లేనిదే జనరల్ కెమిస్ట్రీలో చేర్చుకోరు. అది ముగియనిదే ఆర్గానిక్ కెమిస్ట్రీ లేదు. అదీ ముగియనిదే యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ తరగతిలో కూర్చోనివ్వరు. మొదటి సెమిస్టరులో కెమిస్ట్రీని “తరువాత చూద్దాం” అని వాయిదా వేసిన పిల్లకు చివర ఏడాది ఎక్కువ పడుతుంది. ఆ అమ్మాయికి జరిగింది అదే. “ముందే లెక్కలు మొదలుపెట్టి ఉంటే బాగుండేది తాతయ్యా” అంది.

కాలిఫోర్నియాలో ఏ కాలేజీలోని ఏ తరగతి ఏ యూనివర్సిటీలో చెల్లుతుందో చూపించే అసిస్ట్ అనే పట్టిక అందరికీ అందుబాటులో ఉందట. కాలేజీలో సలహాదారుని కలిసి, ఆ పట్టిక చూసుకొని, రెండేళ్ళ ప్రణాళిక కాగితం మీద వ్రాసుకొని మొదలుపెట్టినవారు నెగ్గుకొస్తారు. మన దగ్గర అంత సులువైన పట్టిక లేదు. మన దేశంలోనూ కమ్యూనిటీ కాలేజీలు ఉన్నాయి – 1995లో పాండిచ్చేరిలో, 1996లో మద్రాసులో మొదలయ్యాయి – కాని అవి ముఖ్యంగా చేతిపని నేర్పి ఉపాధి చూపడానికి పుట్టినవి. పేరు ఒకటే అని రెండింటినీ ఒకటిగా లెక్కించకండి.

సంఘం చేయగలిగింది

మా సంఘంలో ఇద్దరు నర్సులు, ఒక ఫార్మసిస్టు, ముగ్గురు టీచర్లు ఉన్నారు. మీ సంఘాలలోనూ అలాంటివారు ఉండే ఉంటారు. ఆ అమ్మాయి సంగతి జరిగిన తరువాత, వేట నిషేధం మొదలైన మొదటి నెలలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక టెన్త్ వ్రాసిన పిల్లలను, వారి తల్లిదండ్రులను కూర్చోబెట్టడం అలవాటు చేశాము. ఉపన్యాసాలు ఉండవు. నోటిఫికేషన్ కాపీలు బల్ల మీద ఉంటాయి. ప్రతి బిడ్డ తన కోర్సు పేరు చెప్పాలి, అర్హతల పేరా తానే పైకి చదవాలి. ఇంగ్లీషు రాకపోతే మేము తెలుగులో చెబుతాము. నిబంధనలు మారుతుంటాయి కనుక పాత కాపీలు పారవేసి ఏ సంవత్సరానివి ఆ సంవత్సరం తెస్తాము. వొకేషనల్‌లో చేరే పిల్లలకు బ్రిడ్జి కోర్సు గూర్చి చెప్పే పని నాది. అది మరెవరికీ ఇవ్వను.

క్రిందటి వేసవిలో ఆ సమావేశానికి నర్సు అమ్మాయి తమ్ముడు వచ్చాడు. తల్లి వెనుకే నిలబడింది.

“వీడు చేపల చదువు చదువుతానంటన్నాడండి. ఏట ఎలాగూ మానలేం, సదువైనా దాని మీద సదువుతానంటాడు.”

“ఏరా, బి.ఎఫ్.ఎస్సీ.యేనా?”

“ఆయ్ మాస్టారూ. మా అక్క ఫోన్‌లో చెప్పిందండి, ముందు అర్హతలు చూసుకోమని.”

కాగితం తీసి చేతికిచ్చాను. వాడు వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివాడు. బయాలజీ దగ్గర సంతోషించాడు. ఫిజిక్స్, కెమిస్ట్రీ దగ్గరకు వచ్చేసరికి తల గోక్కుని, “సాయంత్రం మీ అరుగు మీదకు రావచ్చాండీ?” అని అడిగాడు.